వెల్డింగ్, మెషీనింగ్ శిక్షణ: సర్టిఫికెట్ చేతికొచ్చినా పని చేతికి రాదెందుకు?

క్లుప్తంగా: వెల్డింగ్ కోర్సు ఎలాంటిదో తరగతి గంటల లెక్క చెప్పదు. ఆర్క్ (రాడ్డుకూ ప్లేటుకూ మధ్య లోహాన్ని కరిగించే విద్యుత్ మంట) వెలిగిన నిమిషాలు, విరగ్గొట్టి చూసిన ముక్కలు చెబుతాయి. మెషీనింగ్‌లో (లోహాన్ని మెషీన్ మీద కోసి ఆకారానికి తేవడంలో) కొలత వేరు: డ్రాయింగ్ చూసి, ముక్కను మెషీన్‌లో బిగించి సరిచేసే పనిని, అంటే ట్రైనీ సొంతంగా ఎన్ని సెటప్‌లు చేశాడన్నది. రెండు పనుల్లోనూ శిక్షణ ఎక్కువగా అసలు పనికి ముందూ వెనకా ఉండే దశలను బోధకుడి చేతిలోనే ఉంచేస్తుంది. షాప్‌లో జాబ్ (చేతిలో ఉన్న పని ముక్క) పాడయ్యేది అక్కడే.

పనివాళ్లు దొరకడం లేదని వర్క్‌షాపుల వాళ్లు అంటారు. కోర్సు పూర్తి చేసినా తీసుకోవడం లేదని నేర్చుకున్నవాళ్లు అంటారు. ఈ రెండు ఫిర్యాదులూ ఒకేసారి నిజం కావచ్చు. శిక్షణలో ట్రైనీ చేతికి వచ్చే ముక్క అప్పటికే కోసి, అంచులు చెక్కి, గట్టిగా బిగించి ఉంటుంది. అతను చేయాల్సింది ఆర్క్ లాగడం, లేదా హ్యాండిల్ తిప్పడం. షాప్‌లో అడుగుపెట్టాక ఆ మధ్య భాగం పనిలో చిన్న ముక్కేనని తెలిసొస్తుంది.

## అభ్యాస ముక్కల పద్ధతి పుట్టుక

ఒకప్పుడు ఈ పనులన్నీ మేస్త్రీ పక్కన ఏళ్ల తరబడి నిలబడి నేర్చుకున్నవే. 1868లో మాస్కో ఇంపీరియల్ టెక్నికల్ స్కూల్ డైరెక్టర్ విక్టర్ డెల్లా-వోస్ ఆధ్వర్యంలో వేరే దారి మొదలైంది. ఒక వృత్తిని విడి విడి క్రియలుగా విడగొట్టి, తేలిక నుంచి కష్టానికి వరుస పెట్టి, ఒక్కో క్రియకు ఒక్కో అభ్యాస ముక్క తయారు చేశారు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో వీటిని చూపాక ఇతర దేశాల సాంకేతిక పాఠశాలలూ ఈ తీరును అందుకున్నాయి. ఒకే బోధకుడు పది ఇరవై మందికి ఒకేసారి నేర్పగలగడం దీని బలం. ఇవాళ్టి వర్క్‌షాప్ జాబ్ పుస్తకాలు ఆ కుదురుకు చెందినవే.

క్రియలను విడగొట్టినప్పుడు వాటి మధ్య ఉన్న అతుకులు జారిపోయాయి. ఫలానా జాబ్‌ను ముందు ఏ వైపు నుంచి పట్టుకోవాలి, ఏ ముఖాన్ని ఆధారంగా తీసుకోవాలి, ముక్క తేడాగా వస్తే ఏ దశకు వెనక్కి వెళ్లాలి అన్నవి విడి ముక్కలో దొరకవు. జర్మనీలో 1969 నాటి వృత్తి శిక్షణ చట్టం కింద నడిచే ద్వంద్వ విధానం ఈ లోటును మరోలా పూడ్చుకుంటుంది. ట్రైనీ కంపెనీలో ఒప్పందం మీద పని చేస్తూ వృత్తి పాఠశాలకూ వెళ్తాడు. ఇండస్ట్రియల్ మెకానిక్ శిక్షణకు అక్కడ మూడున్నరేళ్లు. కొన్ని నెలల కోర్సును దానితో పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. కానీ చిన్న కోర్సు దేన్ని వదిలేస్తోందో గుర్తించడానికి ఆ పోలిక పనికొస్తుంది.

## రాడ్ల లెక్క

వెల్డింగ్ కోర్సులను నెలల్లో చెప్పుకోవడం అలవాటు. ఆర్క్ నిమిషాల్లోకి మార్చి చూస్తే బొమ్మ మారిపోతుంది.

10 మి.మీ. మందం ప్లేట్లు, 60 డిగ్రీల వి-గాడి, 3 మి.మీ. గ్యాప్, 1.5 మి.మీ. రూట్ ఫేస్ (గాడి అడుగున చెక్కకుండా వదిలిన అంచు), 150 మి.మీ. పొడవు అనుకుందాం. గాడి అడ్డుకోత దాదాపు 72 చదరపు మి.మీ., పైన ఉబ్బు కలిపితే 80 దాటుతుంది. నింపాల్సిన లోహం దగ్గర దగ్గర 100 గ్రాములు. 3.15 మి.మీ. వ్యాసం, 350 మి.మీ. పొడవు ఉన్న 7018 రకం వెల్డింగ్ రాడ్డు ఒకటి సుమారు 20 గ్రాములు దించుతుంది. అంటే ఆ ముక్కకు ఐదారు రాడ్లు పడతాయి. ఒక్కో రాడ్డు నిమిషానికి కాస్త అటూ ఇటూగా కాలుతుంది కాబట్టి, ముక్క మొత్తం మీద ఆర్క్ వెలిగేది ఏడు నిమిషాలలోపే.

రోజుకు ఇరవై రాడ్లు కాల్చే ట్రైనీకి దక్కే ఆర్క్ సమయం 25 నిమిషాలు. 150 పనిదినాల కోర్సు అంటే 60 గంటల పైచిలుకు. ఒకే మెషీన్ మీద నలుగురు వంతులు వేసుకుని రోజుకు ఐదేసి రాడ్లతో సరిపెట్టుకుంటే అదే కోర్సు 15 గంటలకు దిగిపోతుంది. కాగితం మీద రెండూ ఆరు నెలల కోర్సులే. రాడ్లు, ప్లేట్లు వినియోగ వస్తువులు కావడంతో ఖర్చు తగ్గించాలనుకున్న సంస్థ కత్తెర మొదట వేసేది వాటికే.

అయితే రాడ్లు కాల్చినంత మాత్రాన సరిపోదు. చదునైన ప్లేటు మీద వరుసగా బీడ్లు (కరిగి గడ్డకట్టిన లోహపు గీతలు) లాగించడం తొలి వారాల పని. చేయి వణకకుండా ఉండటానికి, ఆర్క్ పొడవును రాడ్డు వ్యాసానికి దగ్గరగా నిలపడానికి అది కావాలి. కానీ ఆ బీడు ఎంత అందంగా ఉన్నా, కింద లోహం కలిసిందో లేదో పైకి కనిపించదు.

## బెండ్ టెస్ట్‌లో ముక్క ఎక్కడ తెరుచుకుంటుంది

వెల్డర్ అర్హత పరీక్షలో సాధారణంగా వాడేది బెండ్ టెస్ట్. వెల్డుకు అడ్డంగా పట్టీలు కోసి, ఒక దాన్ని పై ముఖం బయటికి, మరో దాన్ని రూట్ (గాడి అడుగు) బయటికి వచ్చేలా 180 డిగ్రీలు వంచుతారు. 10 మి.మీ. పట్టీని 40 మి.మీ. మాండ్రెల్ (గుండ్రటి అచ్చు) చుట్టూ వంచితే బయటి పొర దాదాపు 20 శాతం సాగాలి. అందులో సరిగ్గా కలవని చోటు ఉంటే అక్కడే నోరు తెరుస్తుంది. వెల్డర్ పరీక్షల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9606-1 అయినా, అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంస్థ ఏఎస్ఎంఈ కోడ్‌లోని సెక్షన్ 9 అయినా 3 మి.మీ. మించి తెరుచుకుంటే, కొద్దిపాటి మినహాయింపులు పోను, ఫెయిల్ కిందే లెక్క.

పై ముఖం నెగ్గి రూట్ ఓడిపోయిందంటే కారణం తరచుగా ఆర్క్ వెలిగించక ముందే ఉంటుంది. గ్యాప్ 3 మి.మీ. అనుకుని టాక్ (ముక్కలను పట్టి ఉంచే చిన్న వెల్డ్) వేస్తే, టాక్ చల్లారుతూ ముడుచుకుని గ్యాప్‌ను 2కు లాగేస్తుంది. రాడ్డు చివర కనిపించాల్సిన కీహోల్, అంటే రాడ్డు కంటే కాస్త పెద్దగా తెరుచుకునే రంధ్రం, ఇక ఏర్పడదు. ట్రైనీ కరెంటు పెంచుతాడు. దాంతో లోహం గాడి గోడల మీద పేరుకుంటుంది తప్ప అంచులు కరగవు. ఇక్కడ మార్చాల్సింది ఫిటప్, అంటే ముక్కలను అమర్చిన తీరు. మొదటి టాక్ వేశాక రెండో కొసన గ్యాప్‌ను అర మిల్లీమీటరు ఎక్కువగా తెరిచి ఉంచడం, టాక్‌ల రెండు కొసలనూ గ్రైండర్‌తో పలచగా వాలుగా చెక్కడం, ఈ రెండూ అలవాటైతే రూట్ ఫెయిల్యూర్లు గణనీయంగా తగ్గుతాయి. ముక్కలు ముందే టాక్ వేసి అందించే శిక్షణలో ఇది నేర్చుకునే సందే లేదు.

రెండో బలహీన స్థానం రాడ్డు మార్చిన చోటు. ఐఎస్ఓ 9606-1 పరీక్షలో రూట్‌లోనూ పై పొరలోనూ కనీసం ఒక్కో చోట కావాలని ఆపి, మళ్లీ మొదలుపెట్టి, ఆ చోటును గుర్తు పెట్టి పరీక్షించాలని నియమం పెట్టడానికి కారణం అదే. సరైన పద్ధతి ఇది: ఆగిన గుంతలో స్లాగ్ (రాడ్డు పూత కరిగి మిగిల్చే తెట్టు) పూర్తిగా తీయాలి, అంచు పలచబడేలా గ్రైండ్ చేయాలి, గుంతకు 10 మి.మీ. ముందు ఆర్క్ కొట్టి వెనక్కి తెచ్చి గుంత నింపి ముందుకు సాగాలి. ఆర్క్ కొట్టిన చోటే మొదలుపెట్టేస్తే రాడ్డు తొలి క్షణాల్లో వదిలే గాలి బుడగలు అక్కడే గడ్డకడతాయి. వెనక్కి తెచ్చి మళ్లీ దాటితే ఆ చోటు రెండోసారి కరిగి బుడగలు పైకి వచ్చేస్తాయి.

3జీ, అంటే ప్లేటు నిలువుగా పెట్టి కింది నుంచి పైకి వేసే పొజిషన్‌లో, కరెంటును చదును పొజిషన్ కంటే పదీ పదిహేను శాతం తగ్గించుకుంటారు. అటూ ఇటూ కదిపేటప్పుడు పక్కల దగ్గర ఒక్క క్షణం ఆగి, మధ్యను త్వరగా దాటాలి. మధ్యలో తారాడితే బీడు పొట్ట వచ్చినట్టు ఉబ్బుతుంది. పక్కల్లో లోతైన సందులు మిగిలి స్లాగ్ ఇరుక్కుంటుంది. తర్వాతి పొర దాన్ని కరిగించలేదు. ఎక్స్‌రేలో బీడుకు రెండు పక్కలా సమాంతరంగా నడిచే నల్ల గీతలు ఈ తప్పు సంతకమే. మందు: ప్రతి పొర తర్వాత చిప్పింగ్ హ్యామర్‌తో (స్లాగ్ కొట్టి తీసే సుత్తితో) సరిపెట్టుకోకుండా ఆ పక్క సందులను గ్రైండ్ చేయడం.

వీటిని నేర్పడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఒకవైపే ఫిల్లెట్ (మూలలో వేసే వెల్డ్) వేసిన టీ-జాయింట్‌ను వైస్‌లో బిగించి సుత్తితో మడిచి విరిస్తే రూట్ కలిసిందో లేదో కంటికి కనిపిస్తుంది. మంచి బోధకులు తప్పులను కావాలనే చేయిస్తారు: పొడవాటి ఆర్క్, తక్కువ కరెంటు, మురికి ప్లేటు, ఒక్కోదానితో ఒక్కో ముక్క వేయించి విరగ్గొట్టిస్తారు. విరిగిన ముఖాన్ని చూసి కారణం చెప్పగలిగిన ట్రైనీకి మిగతాది షాప్‌లో అబ్బుతుంది.

## తడి రాడ్డు, తేలిక గన్ను

7018 రాడ్డు పూత గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ ఆర్క్‌లో విడిపోయి హైడ్రోజన్‌గా వెల్డులోకి చేరుతుంది. మందపాటి, గట్టిపడే ఉక్కులో వెల్డ్ వేసిన గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత, పగులు తేలుతుంది. అందుకే అమెరికన్ వెల్డింగ్ సొసైటీ (ఏడబ్ల్యూఎస్) డీ1.1 కోడ్ మామూలు 7018 రాడ్డును ఓవెన్ బయట నాలుగు గంటలకు మించి ఉంచనివ్వదు. దాటితే 260 నుంచి 430 డిగ్రీల సెల్సియస్ మధ్య కనీసం రెండు గంటలు కాల్చి ఆరబెట్టాలి. శిక్షణ ప్లేట్లు పలచని మైల్డ్ స్టీల్ కావడంతో తడి రాడ్డు అక్కడ పెద్దగా శిక్షించదు. విప్పిన పెట్టెను బల్ల మీద వదిలేసే అలవాటు అలా స్థిరపడిపోతుంది.

మ్యాగ్ వెల్డింగ్‌లో (గ్యాస్ రక్షణలో, గన్ను గుండా వచ్చే వైరుతో వేసే పద్ధతిలో) మోసం వేరు. వైరు దానంతటదే వస్తుంది, స్లాగ్ లేదు, రెండు రోజుల్లోనే బీడు ముచ్చటగా కనిపిస్తుంది. తక్కువ వోల్టేజీలో షార్ట్ సర్క్యూట్ పద్ధతిలో నడిపినప్పుడు వేడి చాలక లోహం ప్లేటు మీద అతికినట్టు కూర్చుని, కింద కలవకుండా ఉండిపోతుంది. ఈ లోపం పలచగా, గోడను ఆనుకుని ఉంటుంది కాబట్టి ఎక్స్‌రేకు చిక్కకపోవచ్చు. ఏఎస్ఎంఈ సెక్షన్ 9 ఈ పద్ధతిలో వెల్డర్‌కు ఎక్స్‌రే ఆధారంగా అర్హత ఇవ్వడానికి ఒప్పుకోదు.

## లేత్ దగ్గర అసలు పని

వెల్డింగ్‌లో చేతి గంటలు ముఖ్యమైతే, మెషీనింగ్‌లో చిప్స్ (కోసిన లోహపు పొట్టు) రాలిన గంటలకు అంత విలువ లేదు. ఫీడ్ (టూల్ తనంతట తాను జరిగే కదలిక) వేసి వదిలేస్తే మెషీనే కోస్తుంది. నైపుణ్యమంతా అంతకు ముందు చేసే బిగింపులో, ఆ తర్వాత చేసే కొలతలో ఉంటుంది.

నాలుగు దవడల చక్‌లో (లేత్‌లో జాబ్‌ను పట్టి తిప్పే భాగంలో) జాబ్‌ను మధ్యకు తేవడం మంచి ఉదాహరణ. డయల్ గేజ్ ముల్లు ఒక చుట్టులో 0.50 మి.మీ. ఆడిందంటే జాబ్ 0.25 మాత్రమే పక్కకు ఉంది. 0.50 జరిపితే తేడా అటు పక్కకు మారుతుంది. ఎదురెదురు దవడలను జతగా పట్టి, ఒకటి వదులు చేసి మరొకటి బిగించాలని పుస్తకంలో చదివితే అర్థమవుతుంది. పది నిమిషాల్లో 0.02 లోపుకు తేవడం మాత్రం పదే పదే చేస్తేనే వస్తుంది. టూల్‌ను అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ డయల్‌లోనూ ఇలాంటి ఉచ్చే ఉంది. కొన్ని లేత్‌లలో డయల్ మీది 0.1 అంటే టూల్ 0.1 జరగడం, వ్యాసంలో 0.2 తగ్గడం. మరికొన్నింట్లో డయల్ నేరుగా వ్యాసాన్నే చూపుతుంది. ఒక మెషీన్ మీద నేర్చుకుని మరోదాని దగ్గర నిలబడ్డవారి మొదటి జాబ్ స్క్రాప్ కావడానికి ఇదొక్కటి చాలు. ఒకసారి కొద్దిగా కోసి మైక్రోమీటర్‌తో సరిచూసుకుంటే తేలిపోతుంది.

టూల్ మొన సెంటర్ ఎత్తు (జాబ్ తిరిగే కేంద్ర రేఖ ఎత్తు) కన్నా కిందుంటే ఫేసింగ్‌లో, అంటే కొస ముఖాన్ని చదును చేసేటప్పుడు, మధ్య చిన్న మొటిమ మిగులుతుంది. పైనుంటే మొన కింది భాగం జాబ్‌కు రాసుకుని వేడెక్కుతుంది. జాబ్ చక్ బయటికి ఎంత పొడుచుకు వచ్చిందన్నది ఇంకా పెద్ద సంగతి. వంగుడు పొడవు ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది, పొడవు రెట్టింపైతే వంగుడు ఎనిమిది రెట్లు. 20 మి.మీ. ఉక్కు కడ్డీ 60 మి.మీ. బయటికి ఉండి, కొస మీద టూల్ 200 న్యూటన్ల బలంతో పక్కకు నెడితే అది వంగేది 9 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). 120 మి.మీ. బయటికి ఉంటే 70 మైక్రాన్లు, అంటే ఆ కొసలో వ్యాసం 0.14 మి.మీ. లావుగా మిగులుతుంది. చక్ పట్టులోని వదులు దీనికి అదనం. పొడవు వ్యాసానికి మూడు రెట్లు దాటితే టెయిల్ స్టాక్ సెంటర్ (కడ్డీ రెండో కొసను పట్టే మొన) ఆసరా ఇవ్వాలని చెప్పే సూత్రం వెనక ఉన్న లెక్క ఇదే. ఆసరా ఇచ్చాక టెయిల్ స్టాక్ 0.02 పక్కకు ఉంటే మళ్లీ 0.04 టేపర్ (ఒక కొస లావు, మరో కొస సన్నం) వస్తుంది, అది వేరే తలనొప్పి.

వేడి సంగతి శిక్షణలో దాదాపు వినిపించదు. 50 మి.మీ. షాఫ్ట్, హెచ్6 టాలరెన్స్ (అనుమతించే తేడా) అంటే 50.000 నుంచి 49.984 వరకు, మొత్తం 16 మైక్రాన్లు. కోసిన వెంటనే జాబ్ గది కన్నా 30 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందనుకుంటే, ఉక్కు వ్యాకోచం లెక్కన అది 17 మైక్రాన్లు ఉబ్బి ఉంటుంది. వేడి మీద మైక్రోమీటర్ సరిగ్గా 50.000 చూపిన షాఫ్ట్ చల్లారాక 49.983కు దిగుతుంది. కొలిచిన చేయి తప్పు చేయలేదు, మైక్రోమీటర్ కూడా తప్పు కాదు, జాబ్ మాత్రం రిజెక్ట్. ప్రామాణిక కొలతలన్నీ 20 డిగ్రీల వద్ద అని అంతర్జాతీయంగా నిర్ణయించుకున్నది ఇందుకే.

శిక్షణ లేత్‌లలో హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్, షాప్‌లో కార్బైడ్ ఇన్సర్ట్ (మార్చుకునే గట్టి కోత ముక్క) ఉండటం మరో అగాధం. 40 మి.మీ. మైల్డ్ స్టీల్‌కు హెచ్ఎస్ఎస్‌తో నిమిషానికి 25 మీటర్ల కోత వేగం తీసుకుంటే దాదాపు 200 ఆర్‌పీఎం. కార్బైడ్‌కు 180 మీటర్లు తీసుకుంటే 1430. భయంతో కార్బైడ్‌ను 200 దగ్గరే నడిపితే లోహం మొన మీద అతుక్కుని గరుకు ముఖం వస్తుంది. మెల్లగా నడిపితే నునుపు వస్తుందన్న నమ్మకం ఇక్కడ తలకిందులవుతుంది.

## సీఎన్‌సీ వచ్చాక

సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మెషీన్) వచ్చాక పాత లేత్ పాఠాలు అనవసరమన్న మాట వినిపిస్తుంది. బటన్ నొక్కే ఆపరేటర్ వరకైతే కొంత నిజం. సెట్టర్ (మెషీన్‌ను పనికి సిద్ధం చేసేవాడు) స్థాయికి వెళ్లాలంటే పైన చెప్పిన వంగుడు, వేడి, సెంటర్ ఎత్తు అన్నీ అలాగే ఉంటాయి. చేతికి తగిలే అదురు మాత్రం ఉండదు. కొత్త ప్రమాదాలు అంకెల్లో దాగి ఉంటాయి. చాలా కంట్రోలర్లలో సెట్టింగ్‌ను బట్టి దశాంశ బిందువు లేకుండా 10 అని రాస్తే 10 మి.మీ. అని కాక 10 మైక్రాన్లని చదువుతుంది. టూల్ పొడవు ఆఫ్‌సెట్‌కు తప్పు నంబరు పిలిస్తే స్పిండిల్ నేరుగా జాబ్‌లోకి దిగుతుంది. కొత్త ప్రోగ్రామ్‌ను మొదటిసారి సింగిల్ బ్లాక్‌లో, అంటే ఒక్కో ఆదేశం దగ్గర ఆగుతూ, ర్యాపిడ్ ఓవర్‌రైడ్ (కోత లేని కదలిక వేగం) తగ్గించి, తెర మీద మిగిలిన దూరాన్ని చూస్తూ నడపడం అందుకే తప్పనిసరి పాఠం.

వెల్డింగ్ సిమ్యులేటర్లకూ ఇలాంటి హద్దే ఉంది. రాడ్డు కోణం, వేగం, ఆర్క్ పొడవు నేర్పడంలో అవి నిజంగా ఉపయోగపడతాయి, రాడ్లు వృథా కావు. గ్రైండింగ్, ఫిటప్, టాక్ లాగేసిన గ్యాప్, మెడ మీద పడే నిప్పురవ్వలు వాటిలో ఉండవు.

## చేతి తొడుగుల తిరకాసు

రెండు పనులూ ఒకే కోర్సులో నేర్పేటప్పుడు భద్రతా సూత్రాలు ఎదురెదురుగా నిలుస్తాయి. వెల్డింగ్‌లో తోలు తొడుగులు లేకుండా పని లేదు. తిరుగుతున్న లేత్ దగ్గర అదే తొడుగు వేలును, ఆపై చేతిని లోపలికి లాగేస్తుంది కాబట్టి నిషేధం. ఉదయం ఒక బే, మధ్యాహ్నం మరో బే అన్న టైమ్‌టేబుల్‌లో ఈ మార్పును నోటి మాటకు వదిలేయకూడదు. చక్ కీని (దవడలు బిగించే తాళాన్ని) చక్‌లో వదిలి చేయి తీయకూడదన్న నియమం కూడా మొదటి గంటలోనే రావాలి. వెల్డింగ్ పొగను క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఐఏఆర్‌సీ 2017లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి గ్రూపులో చేర్చింది. కాబట్టి ఒక్కో బూత్‌కూ పొగ లాగే ఏర్పాటు ఉండటం హంగు కిందికి రాదు.

## సర్టిఫికెట్ చెప్పేదెంత

వెల్డర్ అర్హత పత్రం ఒక వృత్తి డిగ్రీ లాంటిది కాదు. ఫలానా పద్ధతి, ఫలానా పొజిషన్, ఫలానా మందాల పరిధిలో ఈ వ్యక్తి లోపం లేని వెల్డ్ వేశాడని మాత్రమే అది చెబుతుంది. చదును ప్లేటు మీద 1జీ నెగ్గిన పత్రం నిలువు పనికి చెల్లదు. పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి వేసే 6జీకి గిరాకీ ఎక్కువ ఉండటానికి కారణం, ఏఎస్ఎంఈ ప్రకారం అది మిగతా పొజిషన్లన్నిటికీ వర్తించడం. దానికీ గడువుంది: ఆరు నెలల పాటు ఆ పద్ధతిలో వెల్డ్ చేయకపోతే అర్హత పోతుంది. ఐఎస్ఓ 9606-1 కింద కూడా ఆరు నెలలకోసారి పని కొనసాగుతోందని ధ్రువీకరించాలి. కోర్సు ముగిశాక ఏడాది ఖాళీగా ఉన్న అభ్యర్థిని మళ్లీ పరీక్ష పెట్టకుండా తీసుకోకపోవడం వెనక ఈ నియమం ఉంది. మెషీనిస్టులకు ఇలాంటి ఏకరూప పరీక్ష అంత స్థిరంగా లేదు. అందుకే అక్కడ ఇంటర్వ్యూలో డ్రాయింగ్ చేతిలో పెట్టి ఏ వరుసలో చేస్తావని అడుగుతారు.

కోర్సు ఎంచుకునేవారు ఈ లెక్కన కొన్ని ప్రశ్నలు అడగవచ్చు. తలకు రోజుకు ఎన్ని రాడ్లు ఇస్తారు? ప్లేటు కోత, బెవెల్ (అంచు వాలుగా చెక్కడం), టాక్ ఎవరు చేస్తారు? వారానికి ఎన్ని ముక్కలు విరగ్గొట్టి చూస్తారు? లేత్ విభాగంలోనైతే, ట్రైనీ సొంతంగా సెట్ చేసిన జాబ్‌లకు కొలతల షీట్లు ఉన్నాయా, ఆ షీట్లలో డ్రాయింగ్ కొలత పక్కన వచ్చిన కొలత, తేడా వస్తే కారణం రాసి ఉన్నాయా అని చూడాలి. షీట్లు పాత బ్యాచ్‌వి అడిగి చూపించమనడం మేలు. అన్ని కొలతలూ డ్రాయింగ్ అంకెలతో అచ్చు గుద్దినట్టు సరిపోయి ఉంటే వాటిని మైక్రోమీటర్ పట్టుకుని రాయలేదని అర్థం.